బిల్ కలెక్టరు చూసిన న్యూయార్క్ ఎన్నిక

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ కమిటీకి, ఎండన పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నా గురించి చెప్పిన పొగడ్తల్లో సగం తీసేయండి. 31 ఏళ్లు మున్సిపాలిటీలో బిల్ కలెక్టరుగా చేశాను, అది మాత్రం నిజం. కరపత్రంలో 'న్యూయార్క్ మేయర్ ఎన్నిక: ఒక పరిశీలన' అని వేశారు. పరిశీలనా పాడా! 2025 జూన్‌లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మా అమ్మాయి దగ్గరున్నాను. చూసింది చెబుతాను.

జూన్ 24న డెమోక్రాటిక్ ప్రైమరీ. పార్టీ అభ్యర్థి ఎవరో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక అది. మన దగ్గర బీ ఫారం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో మీకు తెలుసు, ఆ గొడవ వద్దు. బరిలో పదకొండు మంది. అందరికన్నా ముందున్నది మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో. వాళ్ల నాన్నా గవర్నరే. ఆయన తరఫున బయటి సంఘం ఒకటి రెండు కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించింది. ఇటు 33 ఏళ్ల జోహ్రాన్ మమ్దానీ. ఫిబ్రవరిలో ఒక సర్వేలో అతనికి వచ్చింది ఒక్క శాతం. ఒక్క శాతమండీ! గెలిచాక మనవాళ్లు 'సినిమా దర్శకురాలు మీరా నాయర్ కొడుకు' అని మురిసిపోయారు. తల్లి పేరు చూసి ఓట్లు పడేట్టయితే ఫిబ్రవరిలోనే పడాలి కదా?

అసలు సంగతికొస్తా. ఓ శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తలుపు కొట్టడం నా వృత్తి. ఒక్కసారే కొట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతిలో కాగితం కనబడేలా నిలబడాలి. మరీ నవ్వితే తీయరు, డబ్బులకొచ్చాడని పసిగడతారు. మమ్దానీ తరఫున ప్రచారానికొచ్చిన ఈ కుర్రాడూ సరిగ్గా రెండడుగులు వెనక నిలబడ్డాడు! చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. ఫోన్‌లో ఓటర్ల జాబితా. అందులో ఉన్నది మా అమ్మాయికి ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల పేరు. మా అమ్మాయిది హెచ్‌1బీ వీసా, ఓటెక్కడిది? ఆ మాటే చెప్పింది. అయినా కదల్లేదు. "అద్దె ఎంత కడుతున్నారు?" అన్నాడు.

పది నిమిషాలు గుమ్మంలోనే. అక్కడ అద్దె నియంత్రణలో ఉన్న ఫ్లాట్లు దాదాపు పది లక్షలు. ఏటా వాటి అద్దె ఎంత పెంచొచ్చో తొమ్మిది మంది బోర్డు తేలుస్తుంది, ఆ బోర్డును వేసేది మేయరు. కాబట్టి అద్దె పెరగనివ్వను అన్న మమ్దానీ హామీకి ఓ ఆధారం ఉంది. ఉచిత బస్సుల హామీ అలా కాదు, బస్సులు నడిపే సంస్థ రాష్ట్రం చేతిలోది. ఆ కుర్రాడు అదీ దాచలేదు.

వింటుంటే నాకు ఓ ముసలమ్మ గుర్తొచ్చింది. ఊరి పేరు చెప్పను. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే వీధి. రేకు డబ్బాలోంచి చిల్లర లెక్కపెట్టి ఇంటి పన్ను కట్టింది. "కుళాయి సంగతి ఎవర్నడగాలి నాయనా?" అంది. "నాది పన్నులమ్మా, నీళ్ల సెక్షను వేరు" అని రసీదు చించి చేతిలో పెట్టి వచ్చేశాను. ఎవర్నడగాలో నాకు తెలుసండీ. తెలుసు. చెబితే ఆ అధికారి నా మీద పడతాడని భయం.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. వస్తున్నా, వస్తున్నా.

పోలింగ్ రోజు ఎండ నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో ఉంది. అక్కడ ఓటరు ఒక్కరికే వేయక్కర్లేదు, మొదటి ఇష్టం, రెండో ఇష్టం అంటూ ఐదుగురి దాకా వరసలో పెట్టొచ్చు. బ్రాడ్ లాండర్ అనే ఆయనా మమ్దానీ పోటీదారులై ఉండి, 'నా తర్వాత అతనికి వేయండి' అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మన ఊళ్లో ఊహించండి! క్యూమో ఆ రాత్రే ఓటమి ఒప్పుకున్నాడు. లెక్కంతా తేలాక మమ్దానీకి 56 శాతం. నవంబర్ 4న అసలు మేయర్ ఎన్నికలో క్యూమో ఇండిపెండెంటుగా దిగి మళ్లీ మమ్దానీ చేతిలో ఓడాడు. 20 లక్షల పైచిలుకు ఓట్లు పోలయ్యాయి, 1969 తర్వాత అంతమంది వేయలేదట.

మరి మనం? 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీకి సగం మంది కూడా ఓటేయలేదు. 2002లో హైదరాబాద్ మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత ఆ పని కార్పొరేటర్లకీ, పదవి వల్ల ఓటుండే ఎమ్మెల్యేలూ ఎంపీల్లాంటి ఎక్స్ అఫీషియో సభ్యులకీ పోయింది. మనం టీవీలో చూడటమే.

ఒక్క ప్రశ్న అడిగి దిగిపోతా. కిందటిసారి మీ డివిజన్‌లో గెలిచిన కార్పొరేటరు పేరు తెలిసినవాళ్లు చెయ్యెత్తండి. మొహమాటం వద్దు. ఒకటి... రెండు... ఆ ఫ్యాన్ కింద మూడు. అయ్యా, మీరు ఆయన బావమరిది, మీ చెయ్యి దించండి.