చిక్కుడు లెక్కపెట్టేది రాత్రిని

శ్రోతలకు నమస్కారం.

ఆషాఢం వచ్చింది. రెండు మంచి వానలు పడ్డాయి. పెరడున్నవాళ్ళు పెరట్లో, లేనివాళ్ళు మేడ మీద కుండీల్లో గింజలు వేసుకునే రోజులివి. పూలు, పొదలు, కూరగాయలు ఏ వాతావరణంలో ఎలా పెంచుకోవాలో మాట్లాడమన్నారు నన్ను. ఉన్న కాస్త సమయంలో అన్నీ చెప్పబోతే ఏదీ సరిగ్గా చెప్పలేను. అందుకని ఒక్క పాదు గురించి చెప్తాను. పందిరి చిక్కుడు. దీన్ని అర్థం చేసుకుంటే చామంతి అర్థమవుతుంది, గోంగూర అర్థమవుతుంది, డిసెంబరులో ఎర్రబడే పాయిన్‌సెట్టియా పొద కూడా అర్థమవుతుంది.

గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో అమ్మ ఏటా ఈ రోజుల్లోనే చిక్కుడు పెట్టేది. రాత్రి నానేసిన గింజలు నాలుగు, పశువుల కొట్టం పక్కన చిన్న గుంటలో. అది శ్రావణానికి చూరందుకునేది. భాద్రపదానికి పెంకులు కనపడకుండా పాకేది. కానీ ఒక్క పువ్వుండేది కాదు. చిన్నప్పుడు నేను రోజూ వెళ్ళి చూసొచ్చి, "అమ్మా, ఇంకా పూయలేదే?" అని అడిగేదాన్ని. "దానికి చలి తగలాలే" అనేది అమ్మ. నిజంగానే దసరా వెళ్ళి దీపావళి వస్తోందనగా, ఆకుల పైకి నిటారుగా కాడలు లేచేవి. కాడ పొడుగునా మొగ్గలు, కింద నుంచి పైకి ఒక్కొక్కటే విచ్చుకునే వంకాయరంగు పూలు. సంక్రాంతికి బుట్టలకొద్దీ కాయ. కోసిన చేతికి సన్నని జిడ్డూ, ఓ వాసనా అంటుకునేవి. సబ్బుతో కడిగినా కాసేపటిదాకా పోని వాసన.

ఆ తర్వాత రథసప్తమి. ఏడు లేత చిక్కుడుకాయలు ఏరి, చీపురు పుల్లలు గుచ్చి అమ్మ రథం చేసేది. చిక్కుడాకులో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం. సూర్యుడికి చిక్కుడుకాయ రథమే ఎందుకని అప్పట్లో నేను అడగలేదు. ఇప్పుడు మాత్రం దానికన్నా తగిన కాయ లేదనిపిస్తుంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

అమ్మ చలి అంది. కానీ మా ఊళ్ళో అక్టోబరులో చలెక్కడిది? ఉక్కపోతే ఇంకా వదలదు. అప్పటికే చిక్కుడు మొగ్గ వేస్తుంది. అంటే అది చూస్తున్నది చలిని కాదు. మరి దేన్ని?

దీని గుట్టు బయటపడింది అమెరికాలో. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉండేది. అక్కడ గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు పనిచేసేవారు. వాళ్ళ దగ్గర ఒక పొగాకు రకం వేసవంతా మనిషిని మించి పెరిగేదే తప్ప పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో అద్దాల షెడ్డులో పెడితే చిన్నగా ఉండగానే పూసేసేది. సోయా చిక్కుడుదీ అలాంటి కథే. మే నెలలో వేసినా, జూన్‌లో వేసినా, జులైలో వేసినా, అన్నీ ఇంచుమించు సెప్టెంబరులోనే పూసేవి. ముందు పుట్టినదీ వెనక పుట్టినదీ ఒక్క ముహూర్తానికి పీటలెక్కినట్టు. ఎరువు కాదు, నీరు కాదు, వేడి కాదు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చారు. చివరికి 1918 జులైలో ఓ చిన్న చీకటి గది కట్టి, సాయంత్రం 4 గంటలకి మొక్కల్ని అందులో పెట్టి, పొద్దున 9 గంటలకి బయటికి తెచ్చారు. రోజూ అంతే. ఆ మొక్కలు నడివేసవిలో పూశాయి. పక్కనే ఆరుబయట ఉన్నవి పూయలేదు. 1920లో ఈ సంగతి అచ్చువేశారు.

తర్వాత 1938లో ఇంకో ఇద్దరు, హామ్నర్, బానర్, మరో మెట్టు ఎక్కారు. పొలాల్లో బట్టలకి అంటుకునే ముళ్ళకాయల మొక్క ఉంటుందే, మరులమాతంగి, దాని మీద పరీక్ష. పగలు మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి పట్టలేదు. రాత్రి మధ్యలో కాసేపు దీపం వేస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే మొక్క పగటిని లెక్కపెట్టడం లేదు. అది లెక్కపెట్టేది రాత్రిని. తెరిపి లేని రాత్రిని. మా అమ్మ చిక్కుడుదీ ఇదే పద్ధతి. రాత్రి ఒక పొడుగుకి వచ్చేదాకా ఆకు, తీగ. ఆ పొడుగు దాటాక మొగ్గ.

మన దగ్గర పగలూ రాత్రీ మరీ ఎక్కువ మారవు. హైదరాబాదులో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11. తేడా రెండే గంటలు. ఆ రెండు గంటల్లోనే చిక్కుడు తన ముహూర్తం పట్టుకుంటుంది. చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయలంటారు, గింజలు నానబెట్టి తోలు పితికి పితికిపప్పు చేసుకుంటారు. తెలంగాణలో అనుములంటారు. అదీ చిక్కుడు జాతే. పితికిపప్పు చలికాలం వంట కావడానికి వెనకున్నదీ ఈ రాత్రి లెక్కే.

ఇక మా ఇంటి సంగతి. హైదరాబాదులో మేడ మీద రెండు పెద్ద తొట్లలో చిక్కుడు వేశాను. ఒకటే గింజ, ఒకటే రోజు, ఒకటే మట్టి. ఒకటి పిట్టగోడ పక్కన, ఒకటి నీళ్ళ ట్యాంకు వెనకాల. నవంబరు వచ్చేసరికి ట్యాంకు వెనకాలది పూలతో నిండిపోయింది. పిట్టగోడ పక్కనది పచ్చగా, గుబురుగా ఉంది, ఒక్క కాడ లేదు. బలం చాల్లేదేమోనని దానికి వేపపిండి వేశాను, పేడ ఎరువు వేశాను. ఇంకా గుబురుగా అయింది తప్ప పూయలేదు. ఓ రాత్రి ఆరేసిన బట్టలు మర్చిపోయి పదింటికి మేడ మీదికెళ్ళాను. అప్పుడు చూశాను. వీధిదీపం సరిగ్గా పిట్టగోడ ఎత్తున ఉంది. ఆ తెల్లటి వెలుగులో చిక్కుడాకు ఈనెలతో సహా కనపడుతోంది. ట్యాంకు వెనకాల చిమ్మచీకటి. ఆ వానాకాలంలోనే మా వీధికి కొత్త దీపాలు వచ్చాయి. పాపం ఆ పాదుకి రాత్రే కాలేదు!

మర్నాడు రెండు గోనెపట్టాలు కుట్టి, దీపం వైపు కర్రలకి కట్టాను. నెల తిరక్కుండా కాడలు లేచాయి. ఆ మొదటి కాడ చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్నాను, ఓ మొక్క ఇబ్బంది అంత స్పష్టంగా అర్థమైంది అప్పుడే.

ఇది ఒట్టి పుస్తక జ్ఞానం కాదండీ, బతుకుతెరువు కూడా. హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల రాత్రి పూట ప్రయాణం చేస్తే చామంతి తోటల మీద వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. చామంతి కూడా రాత్రిని లెక్కపెట్టే మొక్కే. దీపాలు వేసి పూతని ఆపుతారు, మొక్కని కాస్త ఎత్తు పెరగనిస్తారు, పండగకి ధర పలికే రోజు చూసుకుని దీపాలు తీసేస్తారు. మన ఇళ్ళల్లో చామంతి మాత్రం గేటు దీపం కింద పెట్టి, పూయలేదని నర్సరీవాణ్ణి తిడతాం. తిట్టకండి. కుండీ పక్కకి జరపండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న కథ. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ వేసవిలో పగలు 15 గంటలు, రాత్రి 9 గంటలే. మంచు పోయాక మే నెలలో గింజ వేసింది. ఆగస్టులో ఫోను. "పిన్నీ, కంచె మొత్తం కప్పేసింది, పక్కవాళ్ళ కంచె మీదికి కూడా పోయింది, ఒక్క పువ్వు లేదు." నేను తీగ చివరలు గిల్లమన్నాను. యూరియా లాంటిది వేయొద్దన్నాను. అవి తప్పు సలహాలు కావు, కానీ అసలు సంగతి నాకప్పుడు తట్టలేదు. సెప్టెంబరు నెలాఖరుకి అక్కడ పగలూ రాత్రీ సమానమవుతాయి. సరిగ్గా అప్పుడే దాని చిక్కుడు పూసింది. పూసిన ఫొటో పంపి ఎంత మురిసిపోయిందో! అక్టోబరులో కాయ వేలెడు కూడా కాకుండానే ఓ తెల్లవారి ఆకుల మీద మంచు పేరుకుంది. మధ్యాహ్నానికి పాదు మొత్తం ఉడికిన ఆకుకూరలా నల్లగా వేలాడిపోయింది. ఫోనులో ఏడ్చినంత పని చేసింది. చిక్కుడుకాయ కొనుక్కోలేక కాదు. ఆర్నెల్లు నీళ్ళు పోసింది కదా.

డాలస్‌లో ఉన్న మా వాళ్ళకి ఈ బాధ లేదు. పూత అక్కడా ఇంచుమించు ఆ రోజుల్లోనే, కానీ మంచు సాధారణంగా నవంబరు మూడో వారం దాకా రాదు. అదే గింజ, అదే నెల, ఒక ఊళ్ళో కాయలు, ఒక ఊళ్ళో కన్నీళ్ళు. తేడా చలి ఎప్పుడొస్తుందన్న దాంట్లో ఉంది. గోంగూర విషయంలో మాత్రం న్యూజెర్సీవాళ్ళే అదృష్టవంతులు. గోంగూర కూడా రాత్రి పొడుగైతేనే పూస్తుంది. వేసవంతా అక్కడ రాత్రి పొట్టి కాబట్టి పూత మాట ఎత్తదు, ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది.

మా మేడ మీద వీధిదీపం సంగతి తెలిశాక నాకు న్యూజెర్సీ చిక్కుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోను చేశాను. "అమ్మాయ్, ఈసారి నేలలో వద్దు. చక్రాల పీట మీద తొట్టి పెట్టి అందులో వెయ్యి. తీగని నాలుగడుగులు దాటనివ్వకు" అన్నాను. మిగతాదంతా వాళ్ళే చేశారు. ఆగస్టు మొదటి వారం నుంచి, సాయంత్రం ఆరింటికి తొట్టిని కారు షెడ్డులోకి తోసెయ్యడం, పొద్దున ఎనిమిదింటికి ఎండలోకి తేవడం. పద్నాలుగు గంటల చీకటి. షెడ్డు కిటికీకి నల్లగుడ్డ కట్టారు. సాయంత్రం డ్యూటీ వాళ్ళ అబ్బాయిది. వాడు బాస్కెట్‌బాల్ ఆడొచ్చి, "చిక్కుడుని పడుకోబెట్టొస్తా" అని వెళ్ళేవాడట. వందేళ్ళ కిందట ఆర్లింగ్టన్‌లో ఆ ఇద్దరూ చేసిన పనే, తెలియకుండా వాడు చేస్తున్నాడు. షెడ్డులో రాత్రి లైటు వేయొద్దని మాత్రం నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఒక్క రోజు మర్చిపోయి వేస్తే కొంపలు మునగవు, కానీ రోజూ వేస్తే చేసిందంతా వృథా.

ఆగస్టు చివరికి కాడ కనపడింది. సెప్టెంబరు మధ్యకి కాయ వంటకొచ్చింది.

ఇంత శ్రమ మేం పడలేం అనేవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఈ ఒక్క సలహా మీరు రాసుకుంటే చాలు నాకు. గింజ కొనేటప్పుడు, ఇది తీగ చిక్కుడా, పొద చిక్కుడా అని అడగండి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్కా జయ్, అర్కా విజయ్ అని పొద రకాలు తీశారు. ఇవి పందిరెక్కవు, మోకాలెత్తున ఉంటాయి, రాత్రి ఎంత పొడుగుందని చూడవు. ఏ కాలంలో వేసినా పూస్తాయి. వీధిదీపం ఉన్న మేడకీ, పగలు పొడుగున్న దేశానికీ ఇవే సరైనవి. రుచిలో పందిరి చిక్కుడుకి సాటి రావని నా అభిప్రాయం. కానీ అసలు కాయనిదానికన్నా మేలు కదా. విదేశాల్లో ఉన్నవాళ్ళు మాత్రం గింజల్ని పెట్టెలో బట్టల మధ్య పెట్టి పట్టుకెళ్ళొద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, అనుమతి లేకుండా అమెరికాలో రానివ్వరు, చీడపీడలు వెళ్తాయని. అక్కడే అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కోండి.

ఇక్కడ ఉన్నవాళ్ళు తీగ చిక్కుడు ఈ వారంలోనే పెట్టండి. పెట్టే ముందు ఓ రాత్రి తొమ్మిదింటికి ఆ చోట నిలబడండి. మీ అరచేతి గీతలు కనపడుతుంటే, చోటు మార్చండి. పూత మొదలయ్యాక పేనుబంక వస్తుంది, అది ఖాయం. పొద్దున్నే మంచు ఆరకముందు కట్టెల బూడిద చల్లేది అమ్మ. నేను వేపనూనె వాడతాను, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, ఓ చుక్క సబ్బునీళ్ళు కలిపి.

న్యూజెర్సీ సంగతి ఒక్కటి మిగిలింది. అక్కణ్ణుంచి మొన్న మాఘమాసంలో ఫొటో వచ్చింది. సెప్టెంబరులో కోసినవాటిలో ఏడు లేత కాయలు తీసి మా అక్క కూతురు ఫ్రీజర్లో దాచిందట. రథసప్తమి పొద్దున బయటికి తీసి, అవి మెత్తబడకముందే గబగబా పుల్లలు గుచ్చింది. కిటికీ అవతల మోకాలెత్తు మంచు. కిటికీ గట్టు మీద చిక్కుడుకాయ రథం, కాయల అంచున సన్నగా తెల్లటి మంచుపొడి, వెనకాల అప్పుడే పైకొస్తున్న సూర్యుడు.

సెలవు. నమస్కారం.