తొలగించడం ఒక్కటేనా మనకి?

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట, ఆక్రమణలు తొలగించారు, ఉద్యోగిని తొలగించారు, ఓటర్ల జాబితాలోంచి పేరు తొలగించారు, ఆఖరికి వంటల వీడియోల్లో కూడా వెల్లుల్లి పొట్టు తొలగించండి అంటున్నారు, అది వింటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. వెల్లుల్లి ఒలుస్తాం కదండీ.

తొలగడం అంటే పక్కకి జరగడం, అందుకే అడ్డు తొలగింది అన్నప్పుడు ఆ మాట ఎంత చక్కగా ఉంటుందో. మిగతా చోట్లకి వేరే మాటలు ఉన్నాయి. అరటిపండు ఒలుస్తాం, బీరకాయకి చెక్కు తీస్తాం, చిక్కుడుకాయకి ఈనెలు తీస్తాం. బియ్యంలో రాళ్లు ఏరతాం, అదే పొట్టయితే చేటలో పోసి చెరుగుతాం, పిండైతే జల్లిస్తాం, మూడూ పనికిరానిది వేరు చెయ్యడమే గానీ ఏరడం అనగానే వేళ్లు, చెరగడం అనగానే చేట, జల్లించడం అనగానే జల్లెడ కళ్ల ముందుకొస్తాయి, దేంతో చేశారని విడిగా అడగక్కర్లేదు. పలక తుడుస్తాం, దాని మీద రాత చెరుపుతాం.

ఇక పదవులూ ఉద్యోగాల సంగతి. 1984 తీసుకోండి. ఆ ఏడాది మొదట్లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊళ్లల్లో వంశపారంపర్యంగా భూముల లెక్కలూ శిస్తూ చూసే కరణం మునసబు వ్యవస్థని రద్దు చేసింది, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆ ఎన్టీఆర్‌నే బర్తరఫ్ చేశారు, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, అది వేరే కథ. వ్యవస్థకి రద్దు, పదవిలో ఉన్న మనిషికి బర్తరఫ్. రెండూ ఉర్దూ మీదుగా వచ్చిన మాటలే, అయినా అటుదిటు చేసి ముఖ్యమంత్రిని రద్దు చేశారు అని చూడండి, చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో.

మంత్రిని క్యాబినెట్‌లోంచి పంపిస్తే పేపర్లవాళ్లు ఉద్వాసన అని రాస్తారు. అది పూజలో మాట, వినాయక చవితికి ఆవాహన చేసిన దేవుణ్ణి ఆఖర్న మర్యాదగా సాగనంపడం. పంపించడంలో కూడా గౌరవం ఉన్న మాట అది, నాకు చాలా ఇష్టం. ఇళ్లల్లో మాత్రం ఉద్యోగం ఊడింది అంటాం, అందులో ఎవరు తీశారో ఉండదు, దానంతటదే రాలిపోయినట్టు, అదే పీకేశారు అంటే చెప్పేవాళ్ల కోపం కూడా తెలిసిపోతుంది.

అసలు తీశాం, పోయింది అని నోటితో అనకూడనివి కూడా ఉన్నాయండి మనకి. చేతిగాజు పగిలితే పెరిగింది అంటారు, మంగళసూత్రం తాడు తెగినా పెరిగింది అనే అంటారు, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం కొండెక్కింది అంటారు. పూజగదిలో పిల్లలెవరైనా దీపం ఆర్పెయ్యనా అని అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడేది అందుకే.