పాత ఆటకు కొత్త రూపు దిద్దేటప్పుడు

సభకు నమస్కారం.

1978లో టైటో సంస్థ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటతో మొదలుపెడతాను. తెర పైభాగాన 5 వరుసల్లో, వరుసకు 11 చొప్పున, మొత్తం 55 గ్రహాంతర జీవులు బారులు తీరి, అటూ ఇటూ జరుగుతూ, మెల్లమెల్లగా కిందికి దిగుతుంటాయి. మొదట్లో వాటి నడక నిదానంగానే ఉంటుంది. ఒక్కొక్కటీ కూలుతున్న కొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఆఖరున మిగిలిన ఒక్కటీ గురికి అందకుండా పరుగులు తీస్తుంది. ఆ ఉత్కంఠే ఆ ఆటకు ప్రాణం. అయితే దాన్ని రూపొందించిన తొమొహిరో నిషికాడో ఈ వేగాన్ని ముందుగా ఊహించి పెట్టలేదు. ఆనాటి ప్రాసెసర్ 55 బొమ్మలను ఒకేసారి కదపలేక ఒకదాని తర్వాత ఒకటిగా కదిపేది. బొమ్మలు తగ్గితే దాని పనిభారం తగ్గి, దండు మొత్తం త్వరగా కదిలేది. నిషికాడో ఆ పరిమితిని గమనించి, సరిదిద్దబోకుండా, ఆటలో భాగంగా నిలుపుకున్నారు.

ఇవాళ మన జేబుల్లో ఉండే ఫోనుకు ఆ 55 బొమ్మలు ఒక లెక్కే కాదు. ఆ శక్తిని చూసి మురిసిపోయి ఎవరైనా ఆ పాత పరిమితిని లోపమనుకొని సవరిస్తే, తెర మీద బొమ్మలన్నీ ఉంటాయి గాని ఆట ఉండదు. పాత వీడియో గేములను ఉన్నవున్నట్టు మళ్లీ విడుదల చేయాలా, మెరుగులు దిద్దాలా, మొదటి నుంచి మళ్లీ తయారుచేయాలా అన్న ప్రశ్నను నేను ఈ ఉదాహరణ వెలుగులోనే చూస్తాను.

మాటల అర్థాలు ముందుగా తేల్చుకుందాం. పునర్విడుదల అంటే పాత ఆటను మార్చకుండా, నేటి యంత్రం మీద నడిచేలా చేసి ఇవ్వడం. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ సాధారణంగా దీనికి ఆధారం. రీమాస్టర్ అంటే ఆట కట్టుబడిని కదపకుండా బొమ్మలకూ శబ్దాలకూ మెరుగు పెట్టడం. రీమేక్ అంటే కథనూ పాత్రలనూ తీసుకుని ఆటను పునాదుల నుంచి మళ్లీ కట్టడం. ప్రచురణ సంస్థలు తమ ప్రకటనల్లో ఈ మాటలను ఇష్టం వచ్చినట్టు వాడుతుంటాయి కాబట్టి పేరును బట్టి ఏ ఆటనూ అంచనా వేయలేం. ఈ మూడింటిలో ఏది జరగాలని నన్ను అడిగితే, మూడూ జరగవచ్చంటాను. కాని మొదటిది తప్పనిసరి. పాత ఆట పాత రూపంలో అందుబాటులో ఉన్నంత కాలం దాన్ని ఎందరు ఎన్ని విధాల తిరగరాసినా నాకు అభ్యంతరం లేదు. ఒక కావ్యాన్ని పదిమంది కవులు పది తీరుల తిరిగి చెప్పినా మూలకావ్యానికి లోటు రాదు. మూలప్రతి చిరిగిపోయిన రోజున మాత్రం ఆ పదింటిలో ఎవరు ఏం మార్చారో చెప్పగలిగేవారు ఉండరు.

ఈ భయానికి ఆధారం ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023లో ఒక అధ్యయనాన్ని వెలువరించాయి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో కొనుక్కోవడానికి దొరకవని అందులో తేలింది. అచ్చయిన పుస్తకం ప్రచురణ ఆగిపోయినా గ్రంథాలయంలో ఉంటుంది, తెరిచి చదవడానికి కళ్లు చాలు. ఆట అలా కాదు. కార్ట్రిడ్జ్ లోపలి బ్యాటరీ అయిపోతుంది, డిస్కు పాడవుతుంది, దాన్ని నడిపే కన్సోల్ తయారీ ఆగిపోతుంది, ఆన్‌లైన్ దుకాణం మూతపడుతుంది. 2023 మార్చి 27న నింటెండో సంస్థ త్రీడీఎస్, వీ యూ కన్సోళ్ల దుకాణాల్లో అమ్మకాలు నిలిపివేసినప్పుడు, అక్కడ తప్ప మరెక్కడా డిజిటల్ రూపంలో దొరకని ఆటలు ఆ ఒక్క రోజుతో అమ్మకం నుంచి తప్పుకున్నాయి.

హక్కుల చిక్కు మరొకటి. 1999 నాటి సిస్టమ్ షాక్ 2 ఆటను తయారుచేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 2000లో మూతపడ్డాక, ఆ ఆట హక్కులు చేతులు మారి ఒక బీమా సంస్థ వద్దకు చేరాయి. ఆ ఆట మళ్లీ ఆడాలనుకుని ఎక్కడా దొరక్క ఆరా తీసిన స్టీఫెన్ కిక్ అనే కళాకారుడు ఆ బీమా సంస్థతో మాట్లాడి, నైట్‌డైవ్ స్టూడియోస్ స్థాపించి, 2013లో దాన్ని మళ్లీ విడుదల చేయగలిగారు. అదే సంస్థ 2000 సంవత్సరపు నో వన్ లివ్స్ ఫరెవర్ ఆట విషయంలో మాత్రం విఫలమైంది. దాని హక్కులు ఏ సంస్థ దగ్గర ఏ మేరకు ఉన్నాయో తేల్చుకోలేక చివరికి ప్రయత్నం విరమించుకోవలసి వచ్చింది. మొదటి ఆట బతకడానికీ రెండోది మరుగున పడడానికీ వాటి నాణ్యతతో సంబంధం లేదు.

ఇక మెరుగులు దిద్దే పనికి వద్దాం. ఇందులో నా మనసును ఎక్కువగా కలచివేసేది సైలెంట్ హిల్ ఆటల ఉదంతం. 1999లో మొదటి సైలెంట్ హిల్ వచ్చినప్పుడు ప్లేస్టేషన్ యంత్రానికి దూరపు వీధులను గీసి చూపే శక్తి లేదు. ఆ అశక్తతను కప్పిపుచ్చడానికి తయారీదారులు ఊరంతటా దట్టమైన పొగమంచును పరిచారు. నాలుగడుగుల అవతల ఏముందో తెలియని ఆ తెల్లటి గుడ్డితనంలో నుంచి భయం పుట్టింది. యంత్రం పేదరికం ఆ ఆటకు కళగా మారింది. తర్వాతి ఆటల్లో యంత్రం శక్తి పెరిగినా ఆ పొగమంచును వదులుకోకపోవడానికి కారణం అదే. 2012లో రెండో, మూడో భాగాలను కలిపి హెచ్‌డీ కలెక్షన్ పేరిట విడుదల చేశారు. ఆ పని చేపట్టిన బృందానికి తుది సోర్స్ కోడ్, అంటే ఆటను రాసిన అసలు ప్రోగ్రాము పాఠం, దొరకలేదు, పూర్తికాని దశలోని కోడ్ మాత్రమే చేతికందింది. ఎన్నడో సరిదిద్దిన తప్పులు మళ్లీ తలెత్తాయి. పొగమంచు పలచబడి, అది దాచవలసినవన్నీ బయటపడ్డాయి. సరస్సు మీది సన్నివేశంలో నీళ్లు ఎక్కడ ఆగిపోతాయో కూడా కనిపించింది. బొమ్మ స్పష్టత పెరిగింది, భయం తగ్గింది.

సరిగ్గా ఇదే పొరపాటు 2021 నవంబరులో మరింత పెద్ద ఎత్తున జరిగింది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరుసలోని మూడు పాత ఆటలను డెఫినిటివ్ ఎడిషన్ అనే పేరుతో, అంటే ఇక ఇదే ప్రామాణికమన్న అర్థంలో, అమ్మకానికి పెట్టారు. శాన్ ఆండ్రియాస్ ఆటలో దూరాన్ని కమ్మే మసకను తీసివేయడంతో, ఒకప్పుడు ఒక రాష్ట్రమంత విశాలంగా తోచిన ప్రదేశం కొండెక్కి చూస్తే ఒక మూల నుంచి మరో మూల దాకా కనిపించే చిన్న నమూనాలా కుంచించుకుపోయింది. టఫ్ నట్ డోనట్స్ అనే దుకాణం పైకప్పు మీది గుర్తు పాత ఆటలో షడ్భుజాకారపు ఇనుప నట్టు. ఆ దుకాణం పేరులోని చమత్కారమంతా ఆ ఆకారంలోనే ఉంది. కొత్త ప్రతిలో అంచులన్నీ నున్నగా చేసే క్రమంలో ఆ ఆరు మూలలూ అరిగి అది గుండ్రని వలయమైంది. మూలలు ఎందుకున్నాయో తెలియని చేతులు దాన్ని సవరించాయి. నాకు ఇది చిన్న విషయంగా తోచదు, ఎందుకంటే ఒక పనితనం పట్ల గౌరవం ఉందో లేదో తెలిసేది ఇలాంటి చోటనే.

అంతకంటే పెద్ద తప్పు వేరే ఉంది. కొత్త ప్రతి రాకముందే పాత మూడు ఆటలనూ డిజిటల్ దుకాణాల నుంచి తొలగించారు. ఆటగాళ్ల ఆగ్రహం చూశాక ఆ ఆటల ప్రచురణ సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, కంప్యూటర్ మీద ఆడే పాత ప్రతులను తన దుకాణంలో మళ్లీ ఉంచింది. అంతకు ముందు ఏడాది, 2020 జనవరిలో, బ్లిజార్డ్ సంస్థ ఆట వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ విడుదలైనప్పుడు పరిస్థితి ఇంకా కఠినం. 2002లో వచ్చిన అసలు ఆటను ఎన్నడో డబ్బిచ్చి కొనుక్కున్నవారి ఆన్‌లైన్ ఆటను కూడా కొత్త ప్రోగ్రాము కిందికే తెచ్చారు. అప్పటిదాకా ఉన్న ర్యాంకుల పోటీలు, ఆటగాళ్ల సంఘాలు వంటి సదుపాయాలు విడుదల నాటికి అందులో లేవు. కొత్తది నచ్చనివారు కొనకుండా ఉండవచ్చునన్న వాదన ఇక్కడ చెల్లదు. కొననివారి ఆట కూడా మారిపోయింది.

ఇదే బ్లిజార్డ్ సంస్థ మూడేళ్ల ముందు ఎంత చక్కగా వ్యవహరించిందో గుర్తుచేసుకుంటే బాధ రెట్టింపవుతుంది. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌కు 2017 ఆగస్టులో రీమాస్టర్ తెచ్చే ముందు, ఏప్రిల్‌లోనే పాత ఆటను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ ఆటలో సైనికులు దారి వెతుక్కునే తీరు కొంత వంకరటింకరగా ఉంటుంది. కాని పోటీ ఆటగాళ్ల నైపుణ్యం ఆ వంకరల మీదనే ఏళ్ల తరబడి నిర్మితమైందని గ్రహించి, బొమ్మలను మాత్రమే మార్చి ఆట నడకను ముట్టుకోలేదు. ఒక్క మీట నొక్కితే పాత బొమ్మలు తిరిగి వస్తాయి. 1990 నాటి మంకీ ఐలాండ్‌కు 2009లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో, 2011లో వచ్చిన హేలో యానివర్సరీలో కూడా ఈ సౌకర్యం ఉంది. ఆడుతూ ఆడుతూనే కొత్త తెర మీద నుంచి పాత తెర మీదికి, మళ్లీ కొత్తదాని మీదికి వెళ్లవచ్చు. చిత్రకారుడు ఎక్కడ రంగు పెంచాడో, ఎక్కడ నీడ తగ్గించాడో ఆటగాడే పోల్చి చూసుకుంటాడు. రీమాస్టర్ చేసేవారికి తమ పని మీద నమ్మకం ఉంటే ఆ మీట పెట్టడానికి వెనుకాడనవసరం లేదు.

పాత ప్రతిని యథాతథంగా ఉంచాలనడం చెప్పినంత సులువు కాదని ఒప్పుకోవాలి. 1991 నాటి సోనిక్ ఆటలో జలపాతాలను చిత్రకారులు సన్నని నిలువు చారలుగా గీశారు. ఆ రోజుల్లో టీవీకి బొమ్మను చేరవేసే కాంపోజిట్ తీగ ఆ చారలను ఒకదానిలో ఒకటి కలిపేసేది. వాటి వెనుక ఉన్నది లీలగా కనిపించేది. కన్సోల్‌కు లేని పారదర్శకతను ఆ తీగ బలహీనతతో సాధించారన్నమాట. ఇవాళ్టి పలకలాంటి తెర మీద అదే కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా నడిపితే ఆ జలపాతం దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. కాబట్టి నిజాయితీ గల పునర్విడుదలలో ఆట ఒక్కటే ఉంటే సరిపోదు, ఆనాటి తెర స్వభావాన్ని అనుకరించే ఫిల్టర్ కూడా ఉండాలి.

రీమేకుల గురించి నా అభిప్రాయం చాలామంది పాత ఆటల అభిమానులకు నచ్చకపోవచ్చు. మంచి రీమేకును నేను కొత్త రచనగా గౌరవిస్తాను. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2లో కెమెరా గోడకు కొట్టిన మేకులా ఒకచోట నిలిచి ఉండేది, ఒక గది నుంచి మరో గదికి వెళ్లేటప్పుడు తలుపు నెమ్మదిగా తెరుచుకునే దృశ్యం వచ్చేది. డిస్కు నుంచి తర్వాతి గది సమాచారం చదువుకోవడానికి పట్టే సమయాన్ని ఆ తలుపు దాచిపెట్టేది, తలుపు అవతల ఏముందోనన్న గుబులునూ పుట్టించేది. 2019 రీమేకులో కెమెరా పాత్ర భుజం వెనుకకు వచ్చింది, తలుపుల దృశ్యాలు పోయాయి, భయం మరో దారిన వచ్చింది. రెండూ గొప్ప ఆటలే; ఒకదాని స్థానాన్ని మరొకటి భర్తీ చేయలేదు. 2024లో ఆ వరుసలోని తొలి మూడు ఆటలు కంప్యూటర్‌కు పాత రూపంలోనే మళ్లీ అందుబాటులోకి వచ్చాయి. నా దృష్టిలో ఆ రీమేకు పని సంపూర్ణమైంది అప్పుడే.

2013 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్‌కు 2014లో రీమాస్టర్, 2022లో రీమేక్ వచ్చినప్పుడు, ఇంకా నిక్షేపంగా ఉన్న ఆటకు మళ్లీ ఇదెందుకని చాలామంది అడిగారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. ఏ దుకాణంలోనూ దొరకని ఆటలు అన్ని ఉండగా శ్రమంతా ఒకే ఆట మీద పోయడం నాకూ రుచించదు. అయితే ఆ రీమేకులో చూపులేనివారి కోసం కథా దృశ్యాలకు మాటలతో వర్ణన చేర్చారు, వినికిడి లేనివారికి సంభాషణ ఒరవడి తెలిసేలా కంట్రోలర్‌లో ప్రకంపనలు పెట్టారు. మొదటి ప్రతి తలుపు మూసిన చోట కొత్త ప్రతి కొందరికి తలుపు తెరిచింది. పాతదాని మీద ప్రేమతో నేను ఆ మేలును కాదనలేను.

చేసినవారి పేర్ల మాట కూడా చెప్పాలి. 2002 నాటి మెట్రాయిడ్ ప్రైమ్‌కు 2023లో అందమైన రీమాస్టర్ వచ్చింది. దాని చివరి పేర్ల పట్టికలో అసలు ఆటను తయారుచేసినవారి పేర్లు లేవు; ఆనాటి బృందం పని ఆధారంగా తయారైందని ఒక్క వాక్యం మాత్రం ఉంది. ఆ బృందంలోని కొందరు తమ ఆవేదనను బహిరంగంగానే వ్యక్తం చేశారు. ఎవరి పనితనాన్ని చూపి ఆటను మళ్లీ అమ్ముతున్నామో వారి పేర్లకు తెర మీద కాస్త చోటివ్వడానికి ఖర్చేమీ కాదు.

సోర్స్ కోడ్‌ను భద్రపరచడం ఈ మొత్తం వ్యవహారానికి పునాది. 2002 నాటి కింగ్‌డమ్ హార్ట్స్‌కు 2013లో హెచ్‌డీ రూపం ఇవ్వబోయినప్పుడు అసలు సమాచారం పోయిందని తెలిసి, విడుదలైన ఆటలో నుంచే తవ్వి తీసి చాలా భాగం మళ్లీ తయారుచేయవలసి వచ్చింది. దీనికి భిన్నంగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2020లో కమాండ్ అండ్ కాంకర్ రీమాస్టర్‌తో పాటు అందులోని రెండు ఆటల ప్రధాన కోడ్‌ను స్వేచ్ఛా లైసెన్సు కింద ప్రజలకు విడుదల చేసింది. సంస్థలు తాము అమ్మదలచుకోని ఆటలనైనా గ్రంథాలయాల చేతికి ఇవ్వాలి. పరిశోధకులు అటువంటి ఆటలను గ్రంథాలయ భవనానికి రాకుండా దూరం నుంచే పరిశీలించడానికి మినహాయింపు కోరితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. అమ్మరు, చూడనివ్వరు, ఇక ఆ ఆట బతికేది ఎక్కడ?

1989లో ఆపిల్ టూ కంప్యూటర్ కోసం ప్రిన్స్ ఆఫ్ పర్షియాను జోర్డన్ మెక్‌నర్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేశారు. దాని సోర్స్ కోడ్ పోయిందనే ఆయన చాలా ఏళ్లు అనుకున్నారు. 2012లో ఆయన తండ్రి ఇంట్లోని అల్మారాలో వెతుకుతుండగా ఒక పెట్టె బయటపడింది. అందులో పాత ఫ్లాపీ డిస్కులున్నాయి. పాత యంత్రాల సంగతి తెలిసినవారు వచ్చి, ఆ డిస్కులను జాగ్రత్తగా చదివి, కోడ్‌ను బయటికి తీశారు. మెక్‌నర్ దాన్ని ఆ ఏప్రిల్‌లోనే అందరికీ అందుబాటులో పెట్టారు. దూకిన రాకుమారుడు గోడ అంచును ఏ క్షణాన పట్టుకోగలడో, ఏ క్షణాన జారిపోతాడో నిర్ణయించిన ఆ పంక్తులను ఇవాళ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.