పాత ఛాయాచిత్రం ఎంత వెలుతురును తట్టుకుంటుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. పాత ఛాయాచిత్రాన్ని గోడకు తగిలించేటప్పుడు, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయిస్తే ఇక భయం లేదని చాలామంది నమ్ముతారు. ఛాయాచిత్రాల సంరక్షణలో పనిచేస్తున్నారు కదా, ఆ నమ్మకం సరైనదేనంటారా అండీ?

సంరక్షకురాలు: సగమే సరైనదండీ. ఆ అద్దం తప్పక ఉండాలి, కానీ అది అడ్డుకునేది కంటికి కనిపించని కిరణాలనే. కనిపించే వెలుతురు కూడా రంగులను పాడుచేస్తుంది, దానిని పూర్తిగా ఆపితే చిత్రమే కనిపించదు. అందుకే ఎంత వెలుతురు, ఎంతసేపు అనే లెక్క తప్పదు.

వ్యాఖ్యాత: ఆ లెక్క ఎలా వేస్తారు?

సంరక్షకురాలు: వెలుతురును లక్సులలో కొలిచి, చిత్రం దానిలో ఉన్న గంటలతో గుణిస్తాం. 50 లక్సుల మసక వెలుతురులో రోజుకు 8 గంటల చొప్పున 250 రోజులు ఉంచితే 1,00,000 లక్స్‌గంటలు అవుతాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడినప్పుడు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది కనుక, ఆ 250 రోజుల్లో పడే వెలుతురంతా ఒక్క గంటలోనే పడిపోతుంది. వేడి, అతినీలలోహిత కిరణాలు చేసే హాని దీనికి అదనం.

వ్యాఖ్యాత: మధ్యమధ్యలో చీకటిలో ఉంచితే కోలుకుంటుందా?

సంరక్షకురాలు: కోలుకోదండీ, అప్పటికి జరిగిన నష్టం అలాగే ఉండిపోతుంది. 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలి ఛాయాచిత్రాల పద్ధతి సయానోటైప్‌లో వెలిసిన నీలిరంగు చీకటిలో కొంతవరకు తిరిగి వస్తుంది గానీ, ఆ గుణం మిగతా వాటికి లేదు.

వ్యాఖ్యాత: అన్ని ఛాయాచిత్రాలకూ ఒకే పరిమితి పాటించవచ్చా?

సంరక్షకురాలు: పాటించకూడదు. కోడిగుడ్డు తెల్లసొన పూతతో 19వ శతాబ్దంలో తయారైన అల్బుమెన్ ప్రింట్లకు, రంగు ఫొటోలకు, చేతితో రంగులద్దిన చిత్రాలకు 50 లక్సులు మించనివ్వకూడదు. జెలటిన్ పూత ఉన్న నలుపు తెలుపు ప్రింట్లు మంచి స్థితిలో ఉంటే 100 లక్సుల దాకా పరవాలేదు. అయితే నలుపు తెలుపు కదా అని ధీమాగా ఉండడం నాకు నచ్చదు. తొలినాళ్ల ప్లాస్టిక్ పూత కాగితాలలో తెల్లదనం కోసం కలిపిన టైటానియం డయాక్సైడ్, వెలుతురు తగిలినప్పుడు ఆ పొరను పెళుసుబార్చి పగుళ్లు తెప్పించగలదు.

వ్యాఖ్యాత: రంగు వెలుస్తున్నట్లు అనిపించగానే తీసేస్తే సరిపోదా?

సంరక్షకురాలు: రోజూ చూసే కంటికి ఆ మార్పు తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ప్రదర్శనశాలలలో చిత్రం పక్కన, వెలుతురుకు వేర్వేరు వేగాలతో వెలిసే నీలి ఉన్ని పట్టీలను సగం కప్పి ఉంచుతారు. కప్పని సగం రంగు మారితే, అక్కడ వెలుతురు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది.

వ్యాఖ్యాత: ఇంట్లో పెట్టుకునేవారికి మీరేమి సూచిస్తారు?

సంరక్షకురాలు: అసలు ప్రతిని ఒకసారి స్కాన్ చేయించండి. అప్పుడు పడే వెలుతురు, నెలల తరబడి గోడమీద పడేదానితో పోలిస్తే చాలా స్వల్పం. నకలును ఫ్రేము కట్టించి, అది నకలేనని వెనుక రాసి, అసలుది ఎక్కడ భద్రపరిచారో కూడా అక్కడే రాసి ఉంచండి.