తెరచాప తాడు పట్టుకునే ముందు

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు కాలేజీల్లో ఉండే సెయిలింగ్ క్లబ్‌ల గురించి, అంటే తెరచాప పడవలు నడిపే క్లబ్‌ల గురించి మాట్లాడదామని వచ్చాను. అదేంది, అది డబ్బున్నోళ్ళ ఆట కదా, మనకెందుకులే అని రేడియో కట్టేయబాకండి, ఒక్క పది నిమిషాలు వినండి.

మాది కావలి. తుమ్మలపెంట సముద్రం మాకు ఆటో ఎక్కితే వచ్చేంత దగ్గర. కార్తీక మాసంలో స్నానాలకి పోతాం, ఎండాకాలం సాయంత్రాలు పోయి మొక్కజొన్న కండెలు తిని వస్తాం, అంతే. మోకాలి లోతు దాటామా, ఒడ్డు మీంచి అమ్మ కేక. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన పిలకాయల్లో సగం మందికి ఈత రాదు, ఇది మాత్రం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటది. నాకు ఈత నేర్పింది సముద్రం కాదు, మా అమ్మమ్మగారి ఊళ్ళో వ్యవసాయ బావి, నడుముకి తాడు కట్టి దింపిన మా మావయ్య.

ఇంజనీరింగ్‌కి చెన్నై పోయాను, మన జిల్లా పిల్లలు చాలామంది పోయేది అక్కడికే కదా. మొదటి నెలలో క్లబ్బులన్నీ వరసగా బల్లలు వేసుకుని కూర్చుంటాయి, డాన్స్ అనీ కోడింగ్ అనీ రోబోటిక్స్ అనీ, అక్కడంతా ఒకటే తోపులాట. చివరి బల్ల మీద మాత్రం ఒక లైఫ్ జాకెట్, ఒక తాడు ముక్క, ఇద్దరు సీనియర్లు. పేరు రాసుకోబోతూ వాళ్ళు అడిగింది ఒకటే, ఈతొచ్చా అని. పడవ నడిపావా అని అడగలేదు, అది వాళ్ళకి అక్కర్లేదు కూడా.

ఇంట్లో ఒప్పించడం ఇంకో కథ. తల్లిదండ్రుల సంతకం ఉంటేగానీ నీళ్ళల్లోకి దించరు, అది మంచి రూలే. అమ్మేమో ఫోన్లో "చదువుకోమని పంపిస్తే పడవలేందే నీకు, ఎండకి నల్లబడిపోతావు, రేపు సంబంధాలొస్తే ఏం చెప్పేది" అని మొదలుపెట్టింది. నాన్న "సర్టిఫికెట్ ఇస్తారా పాపా?" అని అడిగి, ఇస్తారంటే సంతకం పెట్టేశారు.

ఖర్చు సంగతి చెప్తాను, అందరి భయం అదే కాబట్టి. పడవ ఎవరూ కొనుక్కోరు. క్లబ్‌కి కొన్ని పడవలుంటాయి, లేదంటే సిటీలో ఉండే పెద్ద క్లబ్‌తో మాట్లాడుకుని వాడుకుంటారు, మనం కట్టేది సభ్యత్వం రుసుము. చెన్నైలో అయితే రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నుంచి ఉంది, హార్బర్ లోపల తెరచాపలు కనిపిస్తా ఉంటాయి. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద ప్రభుత్వ బడుల పిల్లలు ఈ ఆట నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చుకుంటున్నారు, వాళ్ళల్లో ఎవరింట్లో పడవలున్నాయి చెప్పండి?

పోస్టర్లలో నీలి సముద్రం, తెల్ల తెరచాప, నవ్వుతున్న మొహాలు వేసి సాహసం సాహసం అంటారు చూడండి, దాన్ని నమ్మి వచ్చినోళ్ళు రెండో వారానికే మానేస్తారు. ఎందుకంటే సగం పని ఒడ్డు మీదే. పడవని ట్రాలీ మీద తోసుకుని పోవాలి, తెరచాప కట్టే స్తంభం నిలబెట్టాలి, తాళ్ళు దూర్చాలి, ముళ్ళు వేయడం నేర్చుకోవాలి, అంతా అయ్యాక ఉప్పునీళ్ళు పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. కొత్తోళ్ళ చేతికి చుక్కాని వెంటనే ఇవ్వరు, ముందు తాడు పట్టుకుని కూర్చోమంటారు. తాడు లాగితే తెరచాప బిగుస్తది, వదిలితే గాలి జారిపోతది, ఆ తేడా చేతికి తెలియాలి, పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

గాలికి ఎదురు తిన్నగా పోలేం, ఇది చాలామందికి తెలీదు. గాలి వచ్చే దిక్కుకి సుమారు 45 డిగ్రీలు పక్కకి తిరిగి కొంతసేపు అటు, మళ్ళీ తిప్పి కొంతసేపు ఇటు, తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లాగా మెలికలు తిరుగుతా ఎక్కాలి. తెరచాప పడవని పక్కకి లాగుతా ఉంటది, పడవ మధ్యలోంచి నీళ్ళల్లోకి దించిన పలక ఉంటది చూడండి, సెంటర్‌బోర్డ్ అంటారు, అది పక్కకి పోనీకుండా ఆపుతది, ఇంక మిగిలిన తోపంతా పడవని ముందుకి పంపిస్తది. తిప్పేటప్పుడు తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ అటునుంచి ఇటు ఊగుతది, తల వంచకపోతే బొప్పి కడతది, దానికి సీనియరూ జూనియరూ తేడా లేదు.

తెరచాప మీద చిన్న ఊలు దారాలు అతికిస్తారు, అటు ఒకటి ఇటు ఒకటి. రెండూ సాఫీగా వెనక్కి ఎగురుతుంటే తెరచాప సరిగ్గా ఉన్నట్టు, ఒకటి గిలగిలా కొట్టుకుంటుంటే తాడన్నా సర్దాలి, దిక్కన్నా మార్చాలి. ఇంత పెద్ద పడవకి ఆ దారం ముక్కే చెప్పాల్సి రావడం నాకు భలే నచ్చింది.

పడవ తిరగబడుతుందా అంటే తిరగబడుతుంది, కావాలనే తిరగేసి నేర్పిస్తారు. పడవని వదిలిపెట్టి ఒడ్డుకి ఈదబాకండి, అది మొదటి మాట. లైఫ్ జాకెట్ ఉంది, పడవ తేలుతా ఉంది, దాన్ని పట్టుకోవాలి. తెరచాప తాడు వదులు చేసి, పడవ చుట్టూ తిరిగొచ్చి, పైకి కనిపించే ఆ సెంటర్‌బోర్డ్ మీద బరువేసి వెనక్కి వాలితే తెరచాప నీళ్ళు కారుస్తా మెల్లంగా లేస్తది. లేచేటప్పుడు ముక్కు గాలివైపు ఉండాలి, లేకపోతే మళ్ళీ అటువైపు పడతది. ఆ అలసటకి క్యాంటీన్ ఇడ్లీలు ఎన్ని తిన్నా ఆకలి తీరదు.

సెలవలకి వచ్చినప్పుడు తుమ్మలపెంటలో ఒక పెద్దాయనతో మాట కలిపాను, ఒకప్పుడు తెరచాప కట్టి వేటకి పోయినోడు. "ఇంజన్లొచ్చినాక ఇంకెవురు కడతన్నార్లే పాపా" అని, మాటల్లోనే వేలు చూపించి "అదిగో, ఆడ నీళ్ళు నల్లంగా అయినాయే, గాలి పడింది, ఇప్పుడు మనకాడికి వస్తది" అన్నాడు. కాసేపటికి నిజంగానే వచ్చి నా చున్నీ ఎగరేసింది. మా కోచ్ బోర్డు మీద బొమ్మలేసి చెప్పిన పాఠం అదే. ఎండాకాలం మధ్యాహ్నం నేల కాగి, దానిమీది గాలి వేడెక్కి పైకి లేస్తే సముద్రం మీంచి చల్లగాలి లోపలికి వస్తది, దానికోసమే కదా మనం వాకిట్లో మంచాలేసుకుని ఎదురుచూసేది.

మనకిది కొత్త విద్యేం కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. చినగంజాం దగ్గర మోటుపల్లి, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు, తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకు లాక్కోము, న్యాయమైన సుంకమే తీసుకుంటాం అని విదేశీ వర్తకులకి అభయం. ఈ కాలంలో చూస్తే 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నేవీ ఆడపిల్లలు భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు, వాళ్ళల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య తెలుగోళ్ళే. మా అమ్మకి ఈ సంగతి చెప్పాక రంగు గొడవ ఆపేసింది.

మీ కాలేజీలో క్లబ్ లేకపోతే ఎన్‌సీసీ నేవల్ వింగ్ గురించి కనుక్కోండి, నెల్లూరులో యూనిట్ ఉంది, వాళ్ళ శిక్షణలో తెడ్లు వేయడం, తెరచాప పట్టడం రెండూ ఉంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి వాయుగుండాల కాలం, అప్పుడు ఎవరు రమ్మన్నా నీళ్ళల్లోకి పోబాకండి, ముళ్ళు వేయడం ఒడ్డునే ప్రాక్టీస్ చేసుకోండి. మిగతా రోజుల్లో పోయేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టోపీ, పాత బూట్లు, తాగడానికి నీళ్ళు. కళ్ళజోడున్నోళ్ళు దానికి వెనకనుంచి గట్టి తాడు కట్టుకోండి, హార్బర్ అడుగున ఇప్పటికే చాలా కళ్ళజోళ్ళు ఉన్నాయి.