సాంక్ట్ గాలెన్ దానపత్రాల వెనుకవైపు

సభకు నమస్కారం.

స్విట్జర్లాండ్ ఈశాన్యాన ఉన్న సాంక్ట్ గాలెన్‌కు వెళ్లినవారు సాధారణంగా అక్కడి మఠ గ్రంథాలయాన్ని చూసి వస్తారు. నాకు మాత్రం అంతకన్నా విలువైనదిగా తోచేది ఆ మఠపు పత్రాగారం.

612 ప్రాంతంలో గాలుస్ అనే సన్యాసి స్టైనాఖ్ వాగు ఒడ్డున కుటీరం కట్టుకున్న చోటే, 719లో ఓట్మార్ మఠాన్ని నెలకొల్పాడు. 747లో అక్కడ బెనెడిక్ట్ నియమావళి, అంటే సన్యాసులు ఎలా జీవించాలో చెప్పే కట్టుబాట్లు, అమలులోకి వచ్చింది. చుట్టుపక్కల ఉన్న ఆలెమాన్ అనే జర్మన్ తెగ జనం తమ పొలాలను మఠానికి రాసివ్వసాగారు. మఠం ఆస్తుల విషయంలో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ఫ్రాంకు ప్రభువులతో వచ్చిన తగవు వల్ల ఓట్మార్ బందీ అయి, 759లో రైన్ నదిలోని ఒక దీవిలో కన్నుమూశాడు.

ఆ దానపత్రాలను దానం అన్న మాటతోనే చదివితే పొరబడతాం. దాత తన ఆత్మ సద్గతి కోసం పొలాన్ని మఠానికి ధారపోస్తాడు. చాలా పత్రాలలో ఆ పొలాన్నే తిరిగి అనుభవానికి తీసుకుని, ఏటా ఇంత బీరు, ఇన్ని రొట్టెలు, ఒక పంది పిల్ల చెల్లిస్తానని ఒప్పుకుంటాడు. కొందరైతే తమ బిడ్డలకు కూడా ఆ హక్కు ఉండేలా రాయించుకున్నారు. ఎక్కడ రాశారో, సాక్షులెవరో, రాసిన లేఖకుడెవరో, అది ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చివర ఉంటుంది.

ఐరోపాలో చాలా మఠాలు ఇటువంటి పత్రాలను పుస్తకాలలోకి ఎత్తి రాయించుకున్నాయి. మూలాలు కాలగర్భంలో కలిసిపోయాయి. ఇక్కడ 1000వ సంవత్సరానికి ముందువే 700కు పైగా మూలపత్రాలు మిగిలాయి. 926లో హంగేరియన్లు దాడి చేసినా, 1805లో మఠమే రద్దయినా అవి చెదిరిపోలేదు. మఠంవారు వాటిని మడిచి, ఏ ఊరిదో ఎవరిదో వెనుక క్లుప్తంగా రాసి, ప్రాంతాల వారీగా పేర్చి ఉంచుకున్నారు. 2017లో యునెస్కో ఈ మఠపు లిఖిత సంపదను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆ తోలుపత్రాల వెనుకా అంచులలో కనిపించే చిత్తు రాతలు. ఒప్పందం కుదిరినప్పుడు లేఖకుడు దాత పేరు, ఊరి పేరు, సాక్షుల పేర్లు అక్కడ గబగబా గుర్తు రాసుకుని, తరువాత ముందువైపు లాటిన్‌లో శుద్ధప్రతి సిద్ధం చేసేవాడు. శుద్ధప్రతిలో లాటిన్ పద్ధతికి ఒదిగిన పేర్లు చిత్తులో చాలాసార్లు పాత జర్మన్ రూపంలోనే, అంటే ఆ ఊరివాళ్లు నోటితో పలికిన తీరుకు దగ్గరగా ఉన్నాయి.