ఎండెక్కితే జారే మంచు

శ్రోతలకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే అమలాపురం, భీమవరం, నరసాపురం నుంచి ఎన్నో కుటుంబాలు మనాలికి, సిక్కింకి, చార్‌ధామ్‌కి బయలుదేరతాయి. కనుచూపు మేర కొండే లేని ఊళ్లు మనవి. అందుకే మంచుకొండ కనబడగానే ఒళ్లు మరిచిపోతాం. ఆ వెళ్లేవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

చలికాలం పోయింది కదా, ఇక మంచుతో భయమేముందని చాలామంది అనుకుంటారు. ఆ ధీమా వద్దు. శీతాకాలమంతా పడిన మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొన్ని పొరలు గట్టివి, కొన్ని పొడిపొడిగా, పట్టు లేకుండా ఉంటాయి. ఎండకి పైమంచు కరిగి నీరు లోపలికి దిగుతుంది. అది పట్టులేని పొరకి చేరితే పైనున్నదంతా ఒక్కసారిగా జారిపోతుంది. వరదల్లో ఏటిగట్టు మీద కాపలా ఉన్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. గట్టు పైకి నిక్షేపంగానే ఉంటుంది, లోపల నాని ఊట మొదలైతే గండి పడటానికి ఎంతోసేపు పట్టదు.

రాత్రి ఆకాశం తేటగా ఉంటే ఆ తడి మళ్లీ గడ్డకట్టి, పొద్దున్నే వాలు గట్టిగా ఉంటుంది. మబ్బు పట్టినా, వాన పడినా సరిగా గడ్డకట్టదు. అలాంటప్పుడు తెల్లవారుజామును కూడా నమ్మకండి. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆపైన పడమర: ప్రమాదం ఎండ వెంట తిరుగుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే ఎక్కువగా మంచు చరియలు జారతాయి. మనం నిలబడ్డ రోడ్డు చదునుగా ఉన్నా, పైన అలాంటి వాలుంటే చాలు.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో, నాథులా వెళ్లే రోడ్డు మీద, మధ్యాహ్నం వేళ మంచు చరియలు పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లూ మనలా చూడ్డానికి వెళ్లినవాళ్లే. ఈ సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కాబట్టి డ్రైవర్ ఆపనన్న చోట ఫోటో కోసం బండి ఆపమని ఒత్తిడి చేయకండి. పర్మిట్ ఎక్కడిదాకా ఇస్తే అక్కడే ఆగండి.

మంచు మీద నడిచేటప్పుడు పాదం చీలమండ దాటి దిగబడుతోందా? పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుతున్నాయా? కాలు పెట్టగానే పగులు పాకిందా, లోపల ‘ధుమ్’మందా? ఒక్కటి కనిపించినా ఆ వాలు వదిలి వెనక్కి రండి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్‌ఈ అనే విభాగం ఇచ్చే మంచు చరియల హెచ్చరికలు కూడా చూసుకోండి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో మంచులో డ్యూటీ చేసొచ్చిన పెద్దలుంటారు, వాళ్లని అడిగితే ఇంకా బాగా చెబుతారు.

ట్రెక్కింగ్‌కి వెళ్లే పిల్లలకి మరో మాట. జారివచ్చి ఆగిన మంచు బిగుసుకుపోతుంది, కూరుకున్నవాళ్లు చెయ్యి కూడా కదపలేరు. మొదటి 10, 15 నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. కింద ఊరి నుంచి సాయం అంతలో రాదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి. ఒంటి మీద, కూరుకున్న చోటు తెలిసేలా సిగ్నల్ పంపే ట్రాన్స్‌మీటర్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. డబ్బు కట్టేముందే ఏజెన్సీ వాళ్లని ఈ మూడూ ఇస్తారా, నేర్పిస్తారా, వాలు దాటించేది ఎన్నింటికి అని అడగండి.